పన్నెండు పట్టీలు: ఈసారి తప్పు హుద్‌హుద్‌ది కాదు

విశాఖలో ఏ పాత వస్తువు పాడైనా మొదట వినిపించే పేరు హుద్‌హుద్ తుఫాను. గోడలో చెమ్మ, పట్టేసిన బీరువా తలుపు, ఆల్బమ్‌లో అతుక్కుపోయిన పెళ్ళి ఫొటోలు, అన్నీ 2014 అక్టోబరు 12 ఖాతాలోకే పోతాయి. ఈ వీడియో టేపుల కేసులో నేనూ అలాగే రాసేసుకున్నాను. దాంతో ఒక వారం పోయింది. ఆ వారం ఎక్కడ పోయిందో వివరంగా రాస్తున్నాను. మినీడీవీ టేపులతో, అంటే పాత వీడియో కెమెరాల చిన్న డిజిటల్ క్యాసెట్లతో, కుస్తీ పడుతున్నవాళ్ళకి రెండు రోజులైనా మిగలొచ్చు.

అక్కయ్యపాలెంలో మా ఇంటి పైగదిలో కూర్చుని పాత వీడియో టేపుల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించడం నా పని. వానలు మొదలైన రోజుల్లో, స్టీల్‌ప్లాంట్‌లో రిటైరై కూర్మన్నపాలెంలో ఇల్లు కట్టుకున్న ఒక పెద్దాయన బిస్కెట్ల రేకు డబ్బా పట్టుకుని వచ్చారు. మూత తీయగానే గుప్పున కలరా ఉండల వాసన. లోపల తొమ్మిది మినీడీవీ క్యాసెట్లు. ప్రతిదాని మీదా స్కెచ్ పెన్నుతో రాసి ఉంది: బీచ్ - కుర్సురా, చెల్లి పెళ్ళి 1, చెల్లి పెళ్ళి 2, కైలాసగిరి, బారసాల, అమ్మ - ఊరు. ఇలా. బావగారు దుబాయ్ నుంచి తెచ్చిన కెమెరాతో 2002 చివరి నుంచి మూడేళ్ళపాటు తీసినవి. కుర్సురా జలాంతర్గామిని బీచ్‌లో జనానికి తెరిచిన కొత్త రోజులు.

హుద్‌హుద్‌నాడు వాళ్ళు ఉక్కునగరంలో క్వార్టర్‌లో ఉన్నారు. కిటికీ అద్దాలు పగిలి గదంతా వాన. డబ్బా అటక మీదే ఉంది కానీ మూత సరిగ్గా లేదు. "నీళ్ళు తుడిచేసి ఎండలో పెట్టాం బాబూ" అన్నారు. దయచేసి ఎవరూ టేపుల్ని ఎండలో పెట్టకండి. తడి ఆరుతుంది నిజమే, టేపు వంకర్లు పోతుంది. ఆయన అదృష్టం, ఆ వారం ఎండ సరిగ్గా కాయలేదట.

అంతకుముందే ఎక్కడో ఇస్తే ఒక డీవీడీ చేసి ఇచ్చారట, అదీ తెచ్చారు. పెట్టి చూశాను. తెర నిండా గళ్ళు, గొంతు లేదు. "బొమ్మ పోతే పోయింది మాస్టారూ. అమ్మ గొంతు వస్తే చాలు" అన్నారు. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. గొంతున్న రికార్డింగ్ ఇంకెక్కడా లేదు.

మొదటి తప్పు

ఏ టేపు వచ్చినా ముందు టార్చి వేసి క్యాసెట్ కిటికీలోంచి రీలు అంచు చూస్తాను. మంచి టేపు అంచు నల్లగా, నున్నగా, గ్రామఫోన్ రికార్డులా మెరుస్తుంది. బూజు పట్టినదానిమీద తెల్లటి పొడి, ఒక్కోసారి పిండి చల్లినట్టు మచ్చలు. ఈ తొమ్మిదింటిలో నాలుగింటికి బూజు కనిపించింది. వాటిని పక్కన పెట్టి, శుభ్రంగా ఉన్నట్టు కనిపించిన "బారసాల" టేపుని నా మంచి కెమెరాలో పెట్టాను. అదే తప్పు. అంచున లేకపోయినా లోపలి చుట్లలో బూజు ఉంటుంది. కనీసం రీలు చెయ్యితో పది చుట్లు తిప్పి చూసి ఉండాల్సింది. ఆ రోజు ఇంకో ఇద్దరు ఎదురుచూస్తున్నారు, తొందరపడ్డాను.

సరిగ్గా నలభై సెకన్లు బొమ్మ వచ్చింది. ఆ వచ్చిందీ గళ్ళతోనే. ఆ తరవాత తెర అడ్డంగా పట్టీలు పట్టీలుగా చీలిపోయింది. ఒక పట్టీలో పిల్ల కదులుతోంది, దాని కింది పట్టీ గడ్డకట్టి పాత బొమ్మే చూపిస్తోంది, మళ్ళీ దాని కిందది కదులుతోంది. లెక్కపెట్టాను. పన్నెండు పట్టీలు, ఆరు బతికున్నాయి, ఆరు చచ్చాయి.

ఈ పన్నెండు ఎక్కడివో తెలిస్తే సగం రోగం తెలిసినట్టే. మన దేశపు టీవీ పద్ధతి పాల్. ఆ పద్ధతి డీవీలో (డిజిటల్ వీడియోలో) బొమ్మకి 576 గీతలు. ఒక్కో ఫ్రేమ్‌ని టేపుమీద 12 ట్రాక్‌లుగా ఏటవాలుగా రాస్తారు. కెమెరా లోపల టేపు చుట్టుకునే డ్రమ్ నిమిషానికి 9000 సార్లు తిరుగుతుంది, దానిమీద టేపుని రాసే, చదివే రెండు హెడ్‌లు. అంటే సెకనుకి 300 ట్రాక్‌లు, 25 ఫ్రేములు. రెండు హెడ్‌లూ వంతులవారీగా రాస్తాయి, ఒకటి సరి ట్రాక్‌లు, రెండోది బేసి ట్రాక్‌లు. తెరమీద కూడా ఒక హెడ్ సొమ్ము సరి పట్టీల్లోకీ, రెండోదాని సొమ్ము బేసి పట్టీల్లోకీ పోతుంది. పట్టీ విడిచి పట్టీ చచ్చిందంటే ఒక హెడ్‌కి ఏదో అడ్డుపడిందన్నమాట. అమెరికా నుంచి వచ్చిన, అక్కడి ఎన్‌టీఎస్‌సీ పద్ధతి టేపయితే పట్టీలు పది ఉంటాయి, లెక్క మాత్రం ఇదే.

క్లీనింగ్ క్యాసెట్ పది సెకన్లు వేశాను. తగ్గలేదు. ఇంకో పది సెకన్లు. అంతకుమించి వెయ్యను, అది ఒకరకంగా గరుకు కాగితమే, హెడ్‌ని అరగదీస్తుంది. పక్క మూత విప్పి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన షామ్వా తోలు పుల్లని డ్రమ్‌కి ఆనించి పట్టుకుని, పై నుంచి డ్రమ్‌ని వేలితో మెల్లగా తిప్పాను. పుల్ల కదలకూడదు, డ్రమ్మే తిరగాలి. పుల్లని పైకీ కిందకీ రుద్దితే హెడ్ విరుగుతుంది, ఇక కెమెరా పారెయ్యాలి. దూది పుల్లలు అసలు వద్దు, ఒక్క పోగు చిక్కుకున్నా అంతే. తీసి చూస్తే తోలుమీద గోధుమరంగు గీత. నా సొంత పరీక్ష టేపు పెట్టాను. పన్నెండు పట్టీలూ బతికాయి.

ఇక బూజు పని. క్యాసెట్లన్నీ తేమ పీల్చే సిలికాజెల్‌తో గాలి చొరని డబ్బాలో మూడు రోజులు. ఆ తరవాత బాల్కనీలో, ముక్కుకి మాస్కు కట్టుకుని, చిన్న స్క్రూలు విప్పి, నూగు రాలని మెత్తటి గుడ్డ మడతలోంచి టేపుని చేత్తో చుట్టడం. గంట టేపు పొడవు సుమారు 68 మీటర్లు, వెడల్పు పావు అంగుళం, మందం 7 మైక్రాన్లు. మన వెంట్రుకలో పదో వంతు. గట్టిగా లాగితే అప్పడంలా విరగదు కానీ రబ్బరులా సాగుతుంది, సాగినచోట డేటా పోయినట్టే. టేపుకి ఆల్కహాల్ తగలనివ్వను. వీటిలో చాలావాటికి పూత లోహపు ఆవిరితో వేసిన పలచటి పొర, పొడి గుడ్డే దానికి మేలు. తొమ్మిది టేపులకి నాలుగు సాయంత్రాలు పట్టాయి.

బూజు పోయింది, గళ్ళు పోలేదు

శుభ్రం చేసిన "అమ్మ - ఊరు" పెట్టాను. పట్టీలు లేవు. కానీ తెర నిండా చిన్న చదరాలు, వాకిట్లో చుక్కల ముగ్గు వేసినట్టు సమానమైన దూరంలో. బొమ్మ వెనక్కాల తెలుస్తోంది, ఎవరో ముసలావిడ పెరట్లో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. శబ్దం సున్నా.

బూజు ఇంకా ఉందనుకున్నాను. మళ్ళీ విప్పాను, మళ్ళీ తుడిచాను. మళ్ళీ అదే. సిలికాజెల్ మార్చి ఇంకో రెండు రోజులు ఆరబెట్టాను. మళ్ళీ అదే. మధ్యలో ఒక రాత్రి ఏసీ గదిలోంచి కెమెరాని బాల్కనీలోకి తెచ్చి వెంటనే ఆన్ చేస్తే సి:21:00 అని చూపించింది. లోపల తేమ పట్టిందని అర్థం. టేపు తీసేసి, మూత తెరిచి గంట వదిలెయ్యడమే మందు. అది ఈ రోగానికి సంబంధం లేదు కానీ ఆ రాత్రి నా బీపీకి సంబంధం ఉంది.

ఎల్‌పీ, అంటే ఎక్కువసేపు పట్టేలా టేపుని నెమ్మదిగా నడిపి తీసినది, కాదు కదా అనీ చూశాను. ఎల్‌పీలో గంట టేపుమీద గంటన్నర పడుతుంది, ట్రాక్ వెడల్పు 10 మైక్రాన్ల నుంచి 6.7కి తగ్గిపోతుంది, వేరే కెమెరాలో చదవడం కష్టం. తెరమీద ఎస్‌పీ అనే ఉంది, అంటే మామూలు వేగమే.

ఈ గళ్ళతో కుస్తీ మొదలైన అయిదో రోజు మెదడు పనిచేసింది. టేపులన్నిటినీ తేదీల వరసలో పేర్చి ఒక్కోటీ రెండేసి నిమిషాలు వేసి చూశాను. మొదటి మూడూ అద్దంలా వచ్చాయి. వాటిలో "చెల్లి పెళ్ళి 1"కి పట్టినంత బూజు ఇంకే టేపుకీ లేదు. నాలుగోది "కైలాసగిరి", మొదలు బాగుంది. చివరి అయిదూ గళ్ళు, మౌనం. వాటిలో రెండు టేపులు ముందునుంచీ కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. బూజు బాగా పట్టిన టేపు బాగా ఆడి, బూజు లేని టేపు ఆడకపోతే నేరం బూజుది ఎలా అవుతుంది?

అప్పుడు గమనించాను, చెడ్డ టేపుల్లో అన్నీ పోయినా టైమ్‌కోడ్, అంటే టేపు ఎంతవరకు నడిచిందో చూపించే గంటల, నిమిషాల అంకెలు, మాత్రం ఒక్క అంకె తడబడకుండా నడుస్తోంది. ఇన్ని రోజులుగా నా కళ్ళ ముందే నడుస్తోంది.

డీవీ ట్రాక్‌లో వేటి చోటు వాటికుంది. హెడ్ టేపుని తాకే వైపు నుంచి చూస్తే మొదట ట్రాక్‌ని పట్టుకోవడానికి చిన్న గుర్తుల భాగం, తరవాత శబ్దం, తరవాత బొమ్మ, చిట్టచివర టైమ్‌కోడ్ ఉండే సబ్‌కోడ్. చివరిది క్షేమంగా ఉండి, మొదట్లోని శబ్దం పూర్తిగా, బొమ్మలో కొంత పోతున్నాయంటే హెడ్ ట్రాక్‌లోకి దిగేచోటే తప్పుతోంది, పోనుపోను దారిలో పడుతోంది. హెడ్ మూసుకుపోతే ట్రాక్ మొత్తం పోవాలి. బూజు అయితే అక్కడక్కడా పోవాలి. ప్రతి ట్రాక్‌లోనూ ఒకే చోట పోతోందంటే రాసిన కెమెరాలో టేపుకి దారి చూపించే గైడ్ వంకరగా ఉండి ఉండాలి.

"కైలాసగిరి" టేపుని మొదటినుంచి కూర్చుని చూశాను. ఇరవై రెండో నిమిషంలో మెట్లు. కెమెరా పట్టుకున్నవాళ్ళు ఎక్కుతున్నారు, ముందు ఒక కుర్రాడి చెప్పులు. ఉన్నట్టుండి బొమ్మ గిర్రున తిరిగింది: ఆకాశం, సిమెంటు మెట్టు, మళ్ళీ ఆకాశం, గడ్డి. గడ్డిపరక ఒకటి లెన్స్‌కి అడ్డంగా ఊగుతుండగా రికార్డింగ్ ఆగింది. తరవాతి షాట్ నుంచి గళ్ళు.

ఫోన్ చేశాను. "గురువుగారూ, మీ కెమెరా ఎప్పుడైనా కింద పడిందా?"

అవతల కాస్త నిశ్శబ్దం. "అది మీకెవరు చెప్పారు?"

"టేపే చెప్పింది."

"పడింది గానీ తరవాత బాగానే పనిచేసింది కదా" అన్నారు. పనిచేస్తుంది. తన వంకర రాత తను చదువుకోగలదు. ఇంట్లో టీవీకి కలిపి చూసినన్నాళ్ళూ తేడా తెలియదు. ఇరవై ఏళ్ళ తరవాత వేరే కెమెరాలో పెడితేనే బయటపడుతుంది.

కెమెరాని వెతికించడం

ఇలాంటి టేపుకి అన్నిటికన్నా మంచి ప్లేయర్ దాన్ని రాసిన కెమెరాయే. నేను మొదటిరోజే అడగాల్సిన ప్రశ్న అది, "మీ కెమెరా ఉందా?" అని. ఇప్పుడు అడిగాను. ఉంది, బీరువా అడుగున. మర్నాడే తెచ్చారు. బ్యాటరీ చచ్చింది, నా దగ్గరున్న అడాప్టర్‌తో వెలిగింది. ఖాళీ తలుపు తెరుచుకుంది, మూసుకుంది, సి:31 అని చూపించి బిగుసుకుపోయింది. టేపుని లోపలికి లాక్కునే యంత్రాంగం ఎక్కడో పట్టేసిందని దాని భాష. కరెంటు తీసి పెట్టాను, లాభం లేదు.

యంత్రం లోపలి పళ్ళ చక్రాల దగ్గర నాకు చెయ్యి తిరగదు. ఒకప్పుడు డాబాగార్డెన్స్‌లో వీసీఆర్‌లు బాగుచేసిన మేస్త్రి ఒకాయన ఉన్నారు, ఇప్పుడు మిక్సీలు చేస్తున్నారు. భూతద్దం పెట్టుకుని పది నిమిషాలు చూసి, పట్టకారుతో ఆవగింజంత తెల్లటి ప్లాస్టిక్ ముక్క తీసి నా అరచేతిలో పెట్టారు. "గేరు పన్ను తమ్ముడూ. గ్రీజు గట్టిపడి చక్రం తిరగలేదు, మోటారు ఊరుకోలేదు. ఇది మళ్ళీ దొరకదు." డబ్బులు తీసుకోలేదు. మంచి మాట మాత్రం ఒకటి చెప్పారు: "వాడి వంకరకి నీ కెమెరాని వంచు. వీసీఆర్‌లకి మేం అలాగే చేసేవాళ్ళం."

నా దగ్గర విడిభాగాల కోసం కొన్న రెండో కెమెరా ఒకటుంది. మంచిదాని జోలికి పోలేదు. రెండోదాని మూత విప్పి, టేపు డ్రమ్‌కి చేరే వైపు గైడ్ వెతికాను. సన్నటి నిలువు కడ్డీ, పైన నట్టు. తిప్పితే గైడ్ ఎత్తు రవ్వంత మారుతుంది. ముట్టుకునేముందు వైట్‌నర్‌తో నట్టుమీదా పక్కనా ఒకే గీత గీశాను, వెనక్కి రావడానికి. పరీక్షకి "అమ్మ - ఊరు" పెట్టలేదు. "కైలాసగిరి" రెండో సగం పెట్టాను, పోతే పిక్నిక్కే పోతుందని.

నట్టుని అరవీసం చుట్టు ఎడమకి తిప్పాను. గళ్ళు పెరిగాయి, టైమ్‌కోడ్ కూడా ఆగిపోయింది. తప్పు దారి. గీత దగ్గరికి వచ్చి కుడికి అంతే తిప్పాను. గళ్ళు పలచబడ్డాయి. ఇంకొంచెం. స్పీకర్‌లో టపటపమని నూనెలో ఆవాలు చిటపటలాడిన చప్పుడు. డీవీలో శబ్దం మసకగా రాదు, వస్తే వస్తుంది లేకపోతే తెగుతుంది, ఆ తెగడమే ఈ చిటపట. చెయ్యి వణుకుతోందని మోచెయ్యి బల్లకి ఆనించి ఇంకో వెంట్రుకవాసి తిప్పాను.

"...ఒకపాలి పడీసినావు కదరా, ఇంక ఆ డబ్బా లోపలెట్టు. పులిహోర తిను."

ఆ గొంతు ఎవరిదో నాకు తెలియదు. స్క్రూడ్రైవర్ బల్లమీద పెట్టి ఆయనకి ఫోన్ చేసి, స్పీకర్ దగ్గర పెట్టి మళ్ళీ వేశాను. ఆయన ఏమీ మాట్లాడలేదు. కాసేపటికి వాళ్ళావిడ గొంతు వినిపించింది, "ఏమండీ, అది అత్తయ్య కదూ?"

ఎక్కించిన పద్ధతి

మినీడీవీని పసుపు, తెలుపు, ఎరుపు పిన్నుల కేబుల్‌తో ఎక్కించకండి. టేపుమీద ఉన్నవి ముందే అంకెలు. వాటిని బొమ్మగా మార్చి మళ్ళీ అంకెలు చేయించడం దేనికి? కెమెరాలోని నాలుగు పిన్నుల ఫైర్‌వైర్ (డిజిటల్ వీడియో పంపే సాకెట్) నుంచి నేరుగా కాపీ తీసుకోవాలి. చాలా కెమెరాల్లో యూఎస్‌బీ సాకెట్ ఫొటోల కోసమే, దాన్ని నమ్ముకోవద్దు. నాది పాత డెస్క్‌టాప్‌లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్ ఉన్న ఫైర్‌వైర్ కార్డు, లినక్స్, టేపుని కాపీ తీసే డీవీగ్రాబ్ ప్రోగ్రామ్. కేబుల్ పెట్టేముందు కెమెరా ఆపేస్తాను. కంప్యూటర్ వైపు ఆరు పిన్నుల సాకెట్‌లో కరెంటు ఉంటుంది, తిరగేసి పొడిస్తే పోర్టు కాలిపోతుంది.

చెడ్డ టేపు ఒక్కోదాన్నీ మూడుసార్లు ఎక్కించాను, ప్రతిసారీ గైడ్‌ని వెంట్రుకవాసి మార్చి. ఒకసారి తప్పిన ఫ్రేమ్ ఇంకోసారి దొరుకుతుంది. డీవీ రెస్క్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఏ ఫ్రేమ్‌లో ఎంత పాడైందో లెక్క చూపించి, మూడు కాపీల్లోంచి మంచి భాగాలు ఏరి ఒకటిగా కలుపుతుంది. కెమెరా చదవలేని చోట పాత బొమ్మతో పూడ్చేస్తుంది కదా, ఆ పూడ్చిన గుర్తులు కూడా ఫైల్‌లోనే ఉంటాయి. అంకెలుగా తెచ్చుకుంటేనే ఈ సౌకర్యం. ఆయన తెచ్చిన డీవీడీలో గళ్ళు బొమ్మలో కలిసిపోయాయి, వాటిని ఇక ఎవరూ విడదియ్యలేరు.

గంట టేపుకి సుమారు 13 జీబీ. తొమ్మిదింటికీ నూరు దాటింది. అసలు ఫైళ్ళు రెండు హార్డ్‌డిస్కుల్లో, ఒకటి ఆయనకి, ఒకటి హైదరాబాద్‌లో ఉన్న వాళ్ళబ్బాయికి. టీవీకీ ఫోన్‌కీ ఎంపీ4లు వేరే చేశాను, సెకనుకి 50 ఫ్రేములతో, నడుస్తున్నప్పుడు చెయ్యి దువ్వెన పళ్ళలా కనిపించకుండా. మామూలు ఎక్కింపు ఛార్జీయే తీసుకున్నాను. బూజుతో పోగొట్టిన వారం నా ఖాతాలో వేసుకున్నాను, హుద్‌హుద్ ఖాతాలో కాదు.

హుద్‌హుద్‌కి దక్కిందీ లేకపోలేదు. "అమ్మ - ఊరు" చివర ఒక నిమిషం యాభై సెకన్లు చుట్లు ఒకదానికొకటి అంటుకుపోయి పూత లేచిపోయింది. అక్కడ గైడ్ ఎంత తిప్పినా చదవడానికి ఏమీ లేదు. కత్తిరించనా అని అడిగాను. "ఉండనీ బాబూ, ఆవిడ లోపలికి వెళ్ళిపోయాక పెరడే కదా" అన్నారు. ఉంచేశాను.

రెండో కెమెరా నట్టుని ఇంకా వైట్‌నర్ గీత దగ్గరికి తిప్పలేదు. కింద పడ్డ ఆయన కెమెరాతోనే తీసిన టేపులు బావగారింట్లో ఇంకో రెండున్నాయట, దసరాకి తెస్తామన్నారు. నా రెండో కెమెరామీద ప్లాస్టర్ అంటించి "కైలాసగిరి - ముట్టుకోవద్దు" అని రాసి పెట్టుకున్నాను.